ఉన్న రంగు ఉన్నట్టు

ప్రవీణ కుట్టిన పట్టు లంగాలకు ఎవరూ వంక పెట్టలేదు. తంటా అంతా వాటి ఫోటోలతోనే వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభిగారి బట్టల షాపులో కౌంటర్ వెనక నిలబడీ నిలబడీ కాళ్ళు పీక్కుపోయిన మనిషి ఆమె. ఎండాకాలంలో ధైర్యం చేసి ఉద్యోగం మానేసింది. ఎల్‌బీనగర్‌లో కిరాయి ఇంట్లోనే మిషన్ వేసుకుని, చిన్నపిల్లల లంగా జాకెట్లు కుట్టి, ఫోన్‌తో ఫోటోలు తీసి, వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. పట్టాభిగారు మంచి మనిషి. దీపావళి దాకా ఆమె చోటు ఖాళీగా ఉంచుతానని, ఆ తర్వాత ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానని చెప్పి పంపారు. ఈలోపు తన పని నిలబడాలి, లేదంటే మళ్ళీ ఆ కౌంటరే గతి. తన పేరుతో తను బతకడంలో ఉన్న రుచి అప్పటికే తెలిసిపోయింది కాబట్టి, కౌంటర్ మాట తలుచుకుంటేనే ప్రవీణకు గుండె జారిపోయేది.

దసరా దాకా బాగానే నడిచింది. పండగ వెళ్ళిన మర్నాటి నుంచి ఫోటోలకు ఏదో తెగులు పట్టుకుంది. తెల్ల లేసు తీస్తే నెయ్యి పూసినట్టు పచ్చగా వస్తుంది. ఊదా రంగు బెల్లం రంగవుతుంది. నీలం కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. జరీ అంచు మీద మసక. వనస్థలిపురంలో అలేఖ్య అనే ఆవిడ ఆకుపచ్చ లంగా అని ముచ్చటపడి తెప్పించుకుంటే, పార్శిల్‌లో నీలం లంగా దిగింది. ఆవిడ తిట్టనైనా తిట్టలేదు, ఫోటోలో ఒకటి చేతికి ఒకటా అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపేసింది. తిట్టినా బాగుండేది.

ప్రవీణ ఊరుకునే రకం కాదు. యూట్యూబ్‌లో దొరికిన వీడియోలన్నీ చూసింది. ట్యూబ్‌లైటు వెలుతురు పనికిరాదన్నారు, ఆపేసింది. కిటికీ పక్కన తెల్ల చార్టు పరిచి, దాని మీద లంగా పెట్టింది. అవతలి వైపు నీడ పడకుండా థర్మాకోల్ అట్ట నిలబెట్టింది. ఇంటి ఓనరు సరదాపడి వేయించిన చిలకపచ్చ గోడే బట్ట మీద రంగు కొడుతోందేమోనని గోడంతా తెల్ల దుప్పటి కప్పింది. ఫోన్‌లోనే రంగులు సవరించబోతే నీలం నీలంగా వచ్చింది గానీ, పక్కనున్న ఎరుపు వంకాయ రంగుకు పోయింది. బాటసింగారం పండ్ల మార్కెట్‌కు డీసీఎం వ్యాను నడిపే ఆమె భర్త అభిలాష్, ఇంటికొస్తే కూర్చునే చోటు దొరక్క గడపలో నిలబడే అన్నం తిన్నాడు. ఫోన్‌కు వయసైపోయిందని తేల్చేసి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడు. కొత్త ఫోన్ కొనే రోజులు కావని ఇద్దరికీ తెలుసు.

దీపావళి ముందరి శనివారం వచ్చింది. ఆ సాయంత్రంలోగా పట్టాభిగారికి ఏదో ఒకటి చెప్పాలి. ప్రవీణ తను కుట్టినవాటిలోకెల్లా అందమైన లంగా తీసింది. నెమలికంఠం రంగు, దానికి కుంకుమ రంగు అంచు. చార్టు మీద కుచ్చులు సర్ది, వంగి, ఊపిరి బిగబట్టి ఫోటో తీసింది. చూసుకుంటే నెమలి లేదు, కంఠమూ లేదు, చెరువులో నాచు ఉంది. ఇక ఆగలేకపోయింది. నేల మీద కూలబడి ఏడ్చేసింది.

అప్పుడు వచ్చింది ముత్తమ్మ, ఆమె అత్తగారు. దసరా అయిన వారానికి ముత్తమ్మకు దవాఖానాలో కంటి శుక్లం తీశారు. అప్పట్నుంచి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, బియ్యంలో రాళ్ళు, ఎదురింటి గోడ మీద బల్లి, కోడలు తుడవని అటక మీద దుమ్ము, ఒక్కటీ వదలకుండా చూసి చెబుతోంది. కోడలు ఏడుస్తుంటే గాభరాపడి సంగతేంటని అడిగింది. ప్రవీణ ఫోన్ చేతికిచ్చింది.

ముత్తమ్మ అద్దాలు పైకి జరిపి ఫోటో చూసింది. లంగా చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"ఆపరేషన్ ముంగట నాకు లోకమంత గిట్లనే కనపడేది, బిడ్డా," అంది. "నీ ఫోన్ కంటికి పొరొచ్చింది."

ఏడుపులోనే ప్రవీణకు నవ్వొచ్చింది. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. ఫోన్ లాక్కుని, కవరు ఊడదీసి, వెనక్కి తిప్పి కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంది. వెనకనున్న రెండు కెమెరాల్లో పైదాని నల్లటి అద్దం మీద పలచగా, గుండ్రంగా, ఎండిన పసుపు.

ముత్తమ్మకూ అప్పుడే గుర్తొచ్చింది. ఏటా దసరాకు కుట్టు మిషన్‌కు, కత్తెరకు, కొడుకు బండికి పసుపు కుంకుమ పెట్టేది ఆమే. ఈసారి ఫోన్ లేనిదే కోడలి పని లేదు కదా అని, ఎవరూ చెప్పకుండానే దానికీ పెట్టింది. కుంకుమ రాలిపోయింది, పసుపు మిగిలింది.

"రెండు కండ్ల నడుమ పెట్టిననే అనుకున్న," అంది చిన్నబోయి. "గప్పుడు నాకు సక్కగ కనపడకపాయె."

అత్త కంట్లో పొర పోతూ పోతూ ఫోన్ కంటికి అంటుకుందన్నమాట. ప్రవీణ కడుపు పట్టుకుని నవ్వింది. ముత్తమ్మ కాసేపు బింకంగా కూర్చోబోయి, తనూ పకపకా నవ్వేసింది. మెత్తటి పాత నూలు గుడ్డ తెచ్చి, నోటి ఆవిరి పెట్టి, ప్రవీణ ఆ అద్దాన్ని పసిపిల్ల ముఖం తుడిచినంత జాగ్రత్తగా తుడిచింది. మళ్ళీ ఫోటో తీసింది. నెమలికంఠం నిగనిగలాడింది. అంచులో ఒక్కో జరీ పోగూ లెక్కకొచ్చింది. తెల్ల చార్టు తెల్లగా ఉంది. ఇన్నాళ్ళూ పడ్డ పాట్లు వృథా కాలేదు, ఆ కిటికీ వెలుతురు, ఆ థర్మాకోల్ అట్ట ఇప్పుడు పనిచేశాయి. ప్రవీణకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఉన్న లంగాలన్నీ తీసి వరసగా ఫోటోలు తీసి పెట్టేసింది.

సాయంత్రం కాకముందే పట్టాభిగారి ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, సోమవారం నుంచి వస్తున్నావా?" అన్నారు. ప్రవీణ నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు. "అది తర్వాత చెబుదువుగాని. నీ స్టేటస్‌లో నెమలికంఠం లంగా చూసి మా ఆవిడ పట్టుపట్టింది, పండక్కి మనవరాలికి అదే కావాలంట. రంగు ఫోటోలో ఉన్నట్టే ఉంటుందా అని అడగమంది."

"ఉన్న రంగు ఉన్నట్టే, సార్," అంది ప్రవీణ. "నేను షాపుకు రాను, సార్. లంగా మాత్రం వస్తది."

అవతల పట్టాభిగారు హాయిగా నవ్వి, ఆ అమ్మాయి ఇక రాదని ఫోటో చూడగానే మా ఆవిడ అననే అందమ్మా అన్నారు.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే ముత్తమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. మంచి కబురు వచ్చినప్పుడు ఊరుకుంటే దిష్టి తగులుతుందట. ఆమె వేలు తిన్నగా ఫోన్ వైపు వస్తుంటే, ప్రవీణ దాన్ని గభాలున వీపు వెనక్కి దాచి, వంగి తన నుదురు అందించింది.

"ఫోన్‌కెందుకు అత్తమ్మా? నాకు పెట్టు."

ముత్తమ్మ బొట్టు పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, నల్ల అద్దాలు తీసి, కొత్త కళ్ళతో పరీక్షగా చూసింది.

"ఈపారి సక్కగ నడుమనే పడ్డది," అంది.