ముళ్ళు తీసిన మాట

అక్క తమ్ముడి సంచి మూడోసారి సర్దుతోంది. అడుగున రెండు ప్యాంట్లు, వాటి మీద నాలుగు చొక్కాలు, ఒక మూల సబ్బుపెట్టె, ఇంకో మూల పాత స్వెట్టరు. మనిషి తొందరగా తిరిగొచ్చేవాడైతే సంచి వదులుగా ఉంటుందని ఆమె నమ్మకం. ఇది ఉబ్బి కూర్చుంది. స్వెట్టరు తీసి పక్కన పడేసింది. చలి మొదలయ్యాక దానికోసమైనా వస్తాడనుకుంది. అంతలోనే, అక్కడ గాలికి దగ్గు పట్టుకుంటే చూసే దిక్కెవరని మళ్ళీ తీసి కుక్కింది.

తమ్ముడికి నలభై ఆరేళ్ళు. దూరంగా ఎక్కడో ఆనకట్ట కడుతుంటే అక్కడ వెల్డింగు పని దొరికింది. సామానంతా వేసుకుని సొంత బండిలో రావాలి, రేపు పొద్దున ఏడింటికల్లా పనిలో ఉండాలి అన్నారు. ఆ బండి ఇప్పుడు షెడ్డులో ఉంది. అది బావ వ్యాను.

పదకొండేళ్ళ కిందట ఆ వ్యానునే తమ్ముడు ఆయిలు చూసుకోకుండా నలభై మైళ్ళు తోలుకొచ్చాడు. ఇంజను పట్టేసింది. బావ పేరున్న మెకానిక్కు. పదిమంది ఎదుట బామ్మర్ది చెంప పగలగొట్టాడు. తమ్ముడు తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే పదకొండేళ్ళు సాగింది. వాడు బావతో మాట్లాడడు, బావ వాడితో మాట్లాడడు. ఏం చెప్పాలన్నా నడుమ అక్క ఉండాలి. వ్యాను షెడ్డులో పడి కోళ్ళకి గూడయింది.

ఇన్నేళ్ళూ అక్క చేసిందొకటే, చేపలో ముల్లు తీసినట్టు ఒకరి మాటలో ముల్లు తీసి ఇంకొకరికి వడ్డించడం. "ఆ దద్దమ్మ ఇంకా బతికే ఉన్నాడా?" అని బావ అంటే, "బావ నీ ఒంట్లో ఎలా ఉందని అడిగాడు" అని తమ్ముడికి ఉత్తరం రాసేది. "మీ ఆయన కోపం తగ్గిందా, ఊరు తగలబెట్టాడా?" అని వాడు రాస్తే, "మిమ్మల్ని జాగ్రత్తగా ఉండమన్నాడండీ" అని బావకి చదివి వినిపించేది. అబద్ధమాడుతున్నానని ఆమెకి ఏనాడూ అనిపించలేదు.

మూడు వారాల కిందట తమ్ముడొచ్చాడు. "ఆ బండి బాగుచేసుకుని పట్టుకుపొమ్మను. షెడ్డయినా ఖాళీ అవుతుంది" అన్నాడు బావ, గోడకేసి చూస్తూ. రెండేళ్ళ కిందట గుండెనొప్పి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన బరువులెత్తకూడదు, గబగబా నడవకూడదు. అందుకని స్టూలు వేసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చునేవాడు.

"ఎడమవైపు నట్టు ముందు తియ్యమను."

"ఒరేయ్, బావ ఎడమవైపు నట్టు..."

"వినపడిందిలే అక్కా, నాకేం చెవుడు రాలేదు."

"వినపడితే తియ్యమను మరి! చూస్తాడేం దాని మొహం?"

వాళ్ళ మధ్య చీపురు పట్టుకుని అక్క నిలబడేది. షెడ్డు తెరిచారు కదా అని ఆ మూడు వారాల్లో పెరడంతా శుభ్రం చేశారు. పగిలిన పెంకులు, తుప్పు పట్టిన డ్రమ్ములు, అరిగిన టైర్లు, నడుమెత్తు పెరిగిన పిచ్చిమొక్కలు అన్నీ పోయాయి. వెనకవైపు పుచ్చిపోయిన ముళ్ళకంచె పీకేసి, ఆ కంపంతా పల్లం దగ్గర మలుపులో గుట్టగా పోశారు, ఎండాక కాల్చడానికి. ఇల్లు తెరిపిన పడింది. ఇంజను గొంతు విప్పింది. ఆ ఇద్దరి మూతులు మాత్రం విడలేదు. ఆనకట్ట పని మూడేళ్ళంటున్నారు. బావ గుండె మీద డాక్టరుకే నమ్మకం లేదు. వాడు గేటు దాటేలోపు ఇద్దరూ ఎదురెదురుగా ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనుకుంటే చాలు, ఇంకేమీ అడగననుకుంది అక్క.

ఆ గురువారం పొద్దున్నే లేచి షెడ్డు చివరిసారి ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లింది. పదకొండు దాటాక బావ వ్యాను చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. వెనక చక్రం దగ్గర వంగి చూశాడు. సంచి సర్దుతున్న అక్క దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో, మీవాడితో చెప్పు. వెనక చక్రం కింద తడిగా ఉంది. పదకొండేళ్ళ కిందట ఇంజనాయిలే చూడని మహానుభావుడు ఇవాళ బ్రేకాయిలు చూస్తాడా? ఆ బ్రేకు గొట్టం మార్చకుండా గేటు దాటించాడంటే వాడంత గాడిద ఇంకోటి ఉండదని చెప్పు. నేనన్నానని చెప్పు."

తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

'పదకొండేళ్ళ కిందట' అన్న మాట దగ్గరే అక్క చెవులు మూసుకుపోయాయి. తరవాతదంతా ఆమెకి పాత తిట్టులాగే వినిపించింది. తడంటే తను చల్లిన నీళ్ళే కదా. ఆ మాత్రానికి, ఊరు దాటిపోయేవాడి మీద ఆ చెంపదెబ్బ మళ్ళీ తవ్వి తీయాలా?

సంచి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. తమ్ముడు బోనెట్టు మూసి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏమంటాడు మీ ఆయన? చక్రం దగ్గర వంగి ఏదో సణిగాడు."

వాడి దవడ అప్పటికే బిగుసుకుని ఉంది.

"బండి బాగా కుదిరిందన్నాడు. జాగ్రత్తగా పోయి రమ్మన్నాడు" అంది అక్క.

"బావ అన్నాడా? బాగా కుదిరిందని?"

"అన్నాడురా."

తమ్ముడి మొహం చూడముచ్చటగా వెలిగింది. ఆయన స్నానం చేసి వచ్చేదాకా ఆగుతాడేమో, ఆ ఒక్క మాటా జరుగుతుందేమో అని అక్క ఎదురుచూసింది. వాడు సంచి లోపల పడేసి సీట్లో కూర్చున్నాడు.

"ఉంటా అక్కా. ఇంత మంచి మాట అన్నాక ఎదురుపడితే ఇద్దరం కలిసి పాడుచేసుకుంటాం. చేరాక ఉత్తరం రాస్తా. ఈసారి బావకి కూడా రాస్తా."

వ్యాను భళ్ళున దగ్గి, పొగ చిమ్ముకుంటూ షెడ్డు దాటింది. చేను చుట్టూ తిరిగే బండిదారి పట్టింది.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. "అప్పుడే మార్చేశాడా?" అన్నాడు బావ, తల తుడుచుకుంటూ.

"ఏం మార్చేదండీ?"

"గొట్టమే!"

"అది... ఆ తడి నేను చల్లిన నీళ్ళేనండీ."

బావ తువ్వాలు అక్కడే వదిలేశాడు. షెడ్డులోకి వెళ్ళి, చక్రం నిలిచిన చోట వేలితో అద్ది, వాసన చూసి, ఆ వేలు అక్క ముక్కు దగ్గర పెట్టాడు. నీళ్ళకి ఆ వాసన ఉండదు. నీళ్ళు వేళ్ళ మధ్య అలా జారవు.

"ఏం చెప్పావే వాడితో?"

అక్క గేటు వైపు చూసింది. తన మాటలు పదకొండేళ్ళుగా వాడికి ఎలా చేరుతున్నాయో ఆయనకి అప్పుడు తెలిసింది.

బండిదారి చేను చుట్టి, గేటు దాటి, నిట్టనిలువుగా పల్లంలోకి దిగుతుంది. అడుగున మలుపు, మలుపు పక్కనే కంపగుట్ట, దాని అవతల పెద్దకాలవ. పెరట్లోంచి అడ్డంగా పడితే పల్లానికి రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. మొన్నటిదాకా కంచె ఉండేది. ఇప్పుడు లేదు. బావ అటు పరిగెత్తాడు.

"మీరు పరిగెత్తకూడదు! ఏవండీ!"

ఆయన వెనక్కి చూడలేదు. "ఒరేయ్! ఆపరా! దిగొద్దురా!" పదకొండేళ్ళు పేగుల్లో దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఆ వ్యాను రొదలో ఎవరికి వినపడుతుంది? అక్క చెప్పులు ఎక్కడో జారిపోయాయి. మొక్కలు కోసిన మోళ్ళు అరికాళ్ళలో దిగుతున్నాయి. వ్యాను గేటు దాటడం చూసింది. ముక్కు కిందికి వంచడం చూసింది. బ్రేకు పెడలు నొక్కితే తగ్గాల్సిన వేగం తగ్గకపోవడం కూడా ఆమెకి అంత దూరం నుంచే తెలిసింది.

ఇంజను గొంతు మారింది. గేరు కరకరమంది. వ్యాను ఒక్కసారి విదిలించుకుని, కాలవ వైపు కాకుండా పక్కకి తిరిగి, కంపగుట్టలోకి తలుపుల దాకా దూరిపోయి ఆగింది.

బావ అప్పటికే కిటికీ పట్టుకుని వేలాడుతున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఒరేయ్... తగిలిందట్రా?"

"లేదు బావా."

"పెడలు నేలకంటిందా?"

"అంటింది. రెండో గేరులోకి లాగి కంపలో దూర్చా."

"మంచి పని చేశావు."

తమ్ముడు నోరు తెరిచాడు. "ఏమన్నావు బావా?"

"నాకేం చెవుడు రాలేదన్నావుగా మొన్న! ఆయిలు చూడకుండా బండి తీయడం గాడిదపని, కంపలో దూర్చడం మంచిపని. రెండూ అన్నా."

"మరి బాగా కుదిరిందన్నావట?"

"నేనా? గాడిదవన్నాను."

ఇద్దరూ కలిసి అక్క వైపు తిరిగారు. ఆమె చీరనిండా ముళ్ళు, కళ్ళనిండా నీళ్ళు.

"పదకొండేళ్ళూ మనిద్దరికీ ఉప్పూ కారం లేని కూడు పెట్టిందిరా ఇది" అన్నాడు బావ, ఎగశ్వాసలోనే నవ్వుతూ.

"అందుకేనా బావా, నీ తిట్లు అంత చప్పగా ఉండేవి!"

గొట్టం ఇప్పుడు పొడుగునా చీలింది, ఇంట్లో ఉన్న పాత ముక్క దానికి చాలదు, కొత్తదానికి పట్నంలో మెకానిక్కు షెడ్డుకి పోవాలి. మూడు మైళ్ళు, చదునుదారి. మొదటి గేరులో పాకించుకుంటూ పోవచ్చు, కానీ ఒకరు హ్యాండుబ్రేకు పట్టుకుని కూర్చోవాలని తేల్చారు ఇద్దరూ.

"నేనొస్తా" అంది అక్క.

"నువ్వా? నువ్వు దాన్ని కూడా మెత్తగా పట్టుకుంటావు" అన్నాడు బావ.

ఆయన అరచేత్తో ఛాతీ రుద్దుకుంటున్నాడు. అక్క చూసింది. ఇంటికి పోదాం పదండి, కాసేపు పడుకోండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఆ ఇద్దరూ గొట్టం రాగిదా ఇనుముదా అని కీచులాడుకుంటున్నారు, ఒకరి మాట ఒకరు తెంపుతూ, ఆమె అవసరమే లేకుండా. దేనికోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిందో అది కళ్ళముందు జరుగుతోంది. ఇప్పుడు నడుమ దూరడానికి ఆమెకి మనసు రాలేదు. నోరు మూసుకుంది.

వ్యాను కంపలోంచి వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. చాలాసేపటి వరకు వాళ్ళ అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

తమ్ముడు సాయంత్రం ఆరింటికి ఒక్కడే నడిచి వచ్చాడు. బావ రాలేదు. మెకానిక్కు షెడ్డులో బల్ల మీద కూర్చుని, కొత్త గొట్టం ఎలా బిగించాలో బామ్మర్దికి చెబుతూ, ఆ మార్చి ఇరవయ్యో తారీకు గురువారం, మధ్యాహ్నం రెండూ నలభైకి కన్నుమూశాడు.