బురద బేరం

డెల్ఫా స్పొనాగిల్ తన మరిది బూటును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు ఎత్తింది.

"దీన్ని కడిగి ఎన్నాళ్లయింది ఓకీ?"

"కడగడమేంటి వదినా? ముప్పై ఎనిమిది గుహల బురద అది! మా సంఘంలో ఇంత మందం ఎవడికీ లేదు."

"మందం మీ బూట్లకేనా? బుర్రలకి కూడానా?"

గుహల్లో పాకేవాళ్ల సంఘం తీరే అంత. ఏటా నవంబరు విందుకు పైన ఇస్త్రీ కోటు, కింద బురద బూట్లు వేసుకుని వస్తారు. ఎవడి బూట్లు ఎక్కువ బరువు తూగితే వాడికి బల్ల మొదట్లో కుర్చీ. బూట్లు కడుక్కున్నవాడు వాళ్ల లెక్కలో మగాడే కాదు. అదొక గౌరవమని మనుషులు మురిసిపోవడం చూస్తే డెల్ఫాకు నవ్వు కూడా రాదు. పందులైనా నయం, బురదకు బహుమతులు పెట్టుకోవు.

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆమెకు తండ్రి ఇచ్చిపోయిన గుహ ఒకటుంది. వేసవిలో టికెట్టు పెట్టి జనాన్ని లోపల పాకిస్తుంది. మంచు పడేసరికి గేటుకు తాళం వేస్తుంది. ఆ తర్వాత అది గబ్బిలాల సొత్తు. ఏటా ఫిబ్రవరిలో ఒక్కసారి లోపలికి వెళ్లి, నిద్రపోతున్నవాటిని లెక్కపెట్టి, గేటు పక్కనున్న పలక మీద సుద్దతో అంకె వేయడం తండ్రి పెట్టిన ఆచారం. కిందటేడు అంకె రెండువేల నూట నలభై. గబ్బిలాలంటే ప్రేమా అని ఎవరైనా అడిగితే డెల్ఫా కసురుకునేది. "జీతం అడగని కూలీలు. కింద తోటల్లో పురుగు మేస్తాయి. అంతే." కాని పలక మీద అంకె పది తగ్గినా ఆ పూట ఆమెకు భోజనం సయించేది కాదు.

ఇప్పుడు ఉత్తరాది నుంచి బూజు తెగులు దిగుతోంది. చలిలో పెరిగే తెల్ల బూజు అది. నిద్రలో ఉన్న గబ్బిలం ముక్కుకూ రెక్కలకూ పట్టి మాటిమాటికీ లేపుతుంది. వసంతం దాకా దాచుకున్న కొవ్వు నడిచలికాలంలోనే ఖర్చయిపోతే, ఆ ప్రాణి ఒక్క పురుగైనా దొరకని మంచులోకి ఎగిరి చస్తుంది. బూజును గబ్బిలాలూ మోస్తాయి, మనుషుల బురదా మోస్తుంది. అందుకే వన్యప్రాణి శాఖలో పనిచేసే జోలీన్ ఊరూరా తిరిగి చెప్పింది: గుహలో అడుగుపెట్టే ముందు ప్రతి వస్తువునూ ఇరవై నిమిషాలు మరిగే వేడినీళ్లలో నానబెట్టండి.

లెక్కలో సాయానికి వచ్చిన ఓకీ బూట్లను డెల్ఫా గేటు ముందరే వేడినీళ్ల తొట్టెలో ముంచింది. ముప్పై ఎనిమిది గుహలూ నల్లటి నీళ్లయి పోతుంటే ఓకీ, శవం పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"పులుసు పెట్టేశావు కదా వదినా!"

"ఉప్పు కూడా వెయ్యనా?"

ఆ మాట ఆమె అంటున్నప్పుడు, వెనక టికెట్ల దుకాణంలో, గుహ చూడవచ్చేవాళ్లకు తొడగడానికి ఇరవై జతల మోకాలి తొడుగులూ పై చొక్కాలూ కొక్కేలకు వేలాడుతున్నాయి. అంతకుముందు శరదృతువులోనే న్యూయార్క్ వైపు మూతపడ్డ ఒక గుహ నుంచి కొన్న సరుకు. ఆ గుహ ఎందుకు మూతపడిందని ఆమె అడగలేదు. చవగ్గా వచ్చే సరుకు గురించి ప్రశ్నలు వేస్తే ధర పెరుగుతుందని ఆమె నమ్మకం. వాటికి అంటిన ఎండు బురదను కూడా దులపలేదు. పట్నం నుంచి వచ్చేవాళ్లకు బురద కనిపిస్తేనే సాహసం చేసినట్టుంటుంది. "నిజం బురదే!" అని పిల్లలు ఫొటోలు దిగుతారు. ఉతికిన చొక్కాతో ఫొటో ఎవడు దిగుతాడు?

రెండు వేసవులు బేరం బాగా సాగింది.

మూడో చలికాలం, జనవరిలో ఒక మధ్యాహ్నం, దుకాణం అద్దానికి ఏదో టప్పున తగిలింది. డెల్ఫా బయటికొచ్చి చూస్తే మంచు మీద గబ్బిలం. మూతి పిండిలో ముంచి తీసినట్టుంది. ఆమె నేరుగా ఫోను తీసింది.

"ఓకీ! వచ్చి చూసుకో, నీ ముప్పై ఎనిమిది గుహల ఘనత!"

ఓకీ వచ్చాడు. జోలీన్ కూడా వచ్చింది. ముగ్గురూ కడిగిన బూట్లతో లోపలికి వెళ్లారు. ఏటా లెక్కకు సగం రోజు పట్టేది. ఈసారి గంట పట్టలేదు. పైకప్పుకు అరవై ఒకటి. మిగిలినవి కాళ్ల కింద, ఎక్కడ అడుగు వేయాలో తెలియనంతగా.

బయటికి వచ్చాక ఓకీ మెల్లగా అన్నాడు. "నా బూట్లు నువ్వే ఉడకబెట్టావు వదినా. ఆ తర్వాత మోకాలు పోయి నేను ఇంకో గుహ గడప తొక్కలేదు."

జోలీన్ చూపు దుకాణంలోని కొక్కేల మీద ఆగింది.

"ఇవి ఎక్కడివి డెల్ఫాగారూ?"

ఓకీ ఒక చొక్కా కాలరు తిప్పి, లోపల కుట్టిన గుహ పేరు చదివాడు. "ఇది తెగులొచ్చి మూసిన గుహ కదూ? ఊరందరికీ శకునం చెప్పే బల్లి..." అంటూ వదిన ముఖం చూసి మిగతాది మింగేశాడు. ఇంకాసేపటికి, "కడిగితే పోయేది కదా వదినా," అన్నాడు.

"కడిగితే బురద పోతుంది. అందుకే కడగలేదు."

జోలీన్‌కు జాలేసింది. "గబ్బిలాలు కూడా మోసుకొస్తాయండీ. ఈ చుట్టుపక్కల ఇంకో రెండు గుహల్లో కూడా కనబడింది. మీ వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు."

ఊరికే వచ్చేదాన్ని డెల్ఫా జన్మలో వదిలింది లేదు. చర్చి విందులో మిగిలిన రొట్టెను కూడా రుమాలులో చుట్టి తెచ్చుకునే మనిషి.

"ఆ మాట ఊరికే ఇస్తున్నావా పిల్లా?"

"ఊరికే ఏంటండీ, నిజమే చెప్తున్నా."

"నాకొద్దు. ఇంకెవరికైనా ఇచ్చుకో."

సుద్ద తీసుకుని పలక మీద అరవై ఒకటి వేసింది. గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఆ బతికినవాటిలో సగం ఆడవనుకుని, ఏ పిల్లా చావదనుకుని, పాత అంకె మళ్లీ చేరడానికి పట్టే ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తన డెబ్బై నాలుగేళ్ల వయసును దానికి కలిపి మధ్యలోనే ఆపేసింది.

తొడుగులూ చొక్కాలూ ఇనప పీపాలో వేసి అగ్గి పెట్టారు. గేటుకు తాళం పడ్డాక, తాళంచెవిని డెల్ఫా ఓకీ చేతిలో పెట్టింది.

"వేసవి టికెట్లు లేవు. ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు. నేనడిగితే అసలే ఇవ్వకు."

"బూట్లు కడుక్కుని వచ్చి అడిగితే?"

"కడుక్కుని వచ్చినా సరే."