ఒంటిచేతి స్వెట్టరు

తెల్లారేసరికి యుద్ధట్యాంకు లోపల ఒక మనిషి మేర తగ్గిపోయింది. బయట మాత్రం ఎప్పటి పొడుగే. సుబేదారు సన్యాసిరావు టేపు పెట్టి రెండుసార్లు కొలుస్తాడు. తగ్గింది సరిగ్గా పైడయ్య కొలత, బూట్లతో సహా.

పైడయ్య ఆ ట్యాంకుకి లోడరు. పదకొండేళ్లుగా ఫిరంగికి ఎడమపక్క కూర్చుని, గుండ్లు ఎత్తి అందులో పెడుతున్నాడు. ఇవాళ ఆ చోట ఒక ఇనప చెయ్యి ఉంది. గోడలోంచి మొదలవుతుంది, వెనక మనిషి లేడు.

"మరి నానెక్కడ కూకోవాలి సార్?"

"బయట కూకో. బయటేటీ తగ్గలేదు కదా," అంటాడు సుబేదారు. "వచ్చే ఏడు నా కొలతంట. నానేటైనా అంతన్నానా?"

ఇద్దరిదీ విజయనగరం వైపే. అందుకే ఆ మాట ఇంకాస్త గుచ్చుకుంటుంది.

పైడయ్య ట్యాంకు పైకెక్కి, మూత పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూస్తాడు. పనిలో తనకంటే పాతకాపు అయితే ఓర్చుకోవచ్చు, ఇది నిన్నగాక మొన్న వచ్చింది. చెమట పట్టదు, సెలవు అడగదు. కడుపు మండిపోతోంది అతనికి. దాచుకోడు కూడా.

పదింటికి టీ. సిబ్బందికి టీ కాచేది లోడరే, అది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. పైడయ్య స్టవ్ వెలిగించేలోపే చెయ్యి మూతలోంచి సాగి, ఇంకా సాగి, గ్లాసులు పంచేస్తుంది.

"అల్లం ఇన్నాళ్లకి సమంగా పడింది," అంటాడు సుబేదారు.

పదకొండేళ్లు తన టీ తాగి ఒక్కనాడైనా ఆ ముక్క అన్నాడా?

మధ్యాహ్నం పార్సిలు వస్తుంది. భార్య నూకాలు అల్లిన స్వెట్టరు. నీలం ఊలు, మెడ చుట్టూ పచ్చగీత. దానికి ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. కుడి భుజం దగ్గర నీటుగా మూసి అల్లేసింది. చీటీలో రెండే మాటలు: "కొలత సరిపోద్ది. సలిలో తిరక్కు."

ఇనప చెయ్యీ ఎడమదే. పుండు మీద కారం చల్లినట్టయింది పైడయ్యకి. పెళ్లైన ఇన్నేళ్లలో తనకి ఒక రుమాలైనా కుట్టని మనిషి, దీనికి స్వెట్టరు అల్లింది. దాన్ని ఉండచుట్టి సంచీలో కుక్కేస్తాడు.

ఇంక అతనికి మిగిలింది ఒక్కటే. గుండుని ఫిరంగిలో పెట్టేముందు దాని వీపు తట్టి "ఎల్లిరా" అనడం అతని అలవాటు. బయల్దేరేవాళ్లని పొమ్మనకూడదని తల్లి నేర్పింది, గుండైతే మాత్రం? గుండు పోయినా, అన్నట్టే దాని ఖాళీ ఇత్తడి తొడుగు అతని కాళ్ల దగ్గరికే తిరిగొచ్చి పడేది. సిబ్బంది నవ్వేవారు. కానీ ఆ మాట పడందే సుబేదారు కాల్చమనేవాడు కాదు. చేతికి నోరు లేదు కదా, తనని పిలవక చస్తారా అని పైడయ్య మూత దగ్గరే కాచుకుంటాడు.

మూడింటికి కాల్పులు. చెయ్యి గుండుని ఎత్తుతుంది. వీపు తడుతుంది.

"ఎల్లిరా నాయనా," అంటుంది.

అది పైడయ్య తల్లి గొంతు. మాట చివర వచ్చే పొడిదగ్గు కూడా ఆమెదే.

పైడయ్య తల లోపలికి దూర్చి, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అనని మాట అంటాడు.

"పో!"

ఇనప చెయ్యి కదలదు. అతని కుడి భుజం తేలికవుతుంది. పదకొండేళ్లు గుండ్లు మోసిన చెయ్యి చొక్కా చేతితో సహా ఊడి, నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే లోపలికి దిగుతుంది. నెత్తురు రాదు. ఫిరంగి పక్కన సర్దుక్కూర్చుంటుంది.

"దానికి సోటు సాల్తాదా సార్?"

"సెయ్యికి సాల్తాది," అంటాడు సుబేదారు.

పొద్దు వాలుతోంది. చలి మొదలైంది. పైడయ్య కిందికి దిగి, సంచీలోంచి స్వెట్టరు తీసి, ఎడమ చేత్తోనే తంటాలుపడి తొడుక్కుంటాడు. కొలత సరిపోయింది. ఎక్కడా వెలితి లేదు.

ట్యాంకు కదులుతుంది. మూతలోంచి రెండు చేతులు పైకి వస్తాయి. ఇనపది టీ పోస్తుంది, అతనిది గ్లాసు పట్టుకుంటుంది. రెంటికీ మంచి జోడీ కుదిరింది. దుమ్ములోంచి తల్లి దగ్గు వినిపిస్తోంది.

మించిపోలేదనుకుని పైడయ్య ఎడమ చెయ్యి ఎత్తుతాడు. "ఎల్లిరా" అనడానికి నోరు తెరుస్తాడు.

నోట్లోంచి ఖాళీ ఇత్తడి తొడుగు ఒకటి, ఇంకా వేడిగా, అతని కాళ్ల దగ్గర పడుతుంది.