మెకానిక్కు హస్తవాసి

ఆ వ్యాను వయసు ముప్పై ఏడేళ్ళు. అత్తగారు దాన్ని "ముసలిది" అంటారు గానీ, ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోరు. వెనక ఒక మంచం, కిటికీలకి కర్టెన్లు, చిన్న స్టవ్వు, మూలన కుళాయి ఉన్న నీళ్ళ క్యాను. ఇల్లు వెంటబెట్టుకు తిరిగే బండి. డ్రాయింగు మాస్టారు దాన్ని ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చి, రెండు వేసవి సెలవులు దాని కిందే పడుకుని బాగుచేశారు. లోపలి పనంతా ఆయన భార్యది. కర్టెన్ల అంచులు స్కేలు పెట్టి కొలిచి కుట్టింది. పెట్రోలు పోసే మూత మంచం పక్క తలుపును ఆనుకునే ఉండటంతో వాసనకి వికారంగా ఉందని అత్తగారు అన్నప్పుడు, ఆ సంగతీ కోడలే చూసింది.

తుంటి ఎముక విరిగి అతికాక అత్తగారికి ఒక కాలు వంగదు. కారులో కూర్చోలేరు, బస్సు ఎక్కలేరు. ఈ వ్యానులో మాత్రం కాళ్ళు చాపుకుని మహారాణిలా వెళ్ళగలరు. వెళ్ళాల్సింది చెల్లెలింటికి, అరవై కిలోమీటర్లు. ఆ చెల్లెలు రేపు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి రైలెక్కుతోంది. రెండు రోజుల ప్రయాణం. అంత దూరం ఈవిడ వెళ్ళేదీ లేదు, ఆవిడ తిరిగొచ్చేదీ లేదు.

ఇప్పటికి రెండుసార్లు బయల్దేరారు. రెండుసార్లూ ఊరి బయట కలప డిపో దగ్గరికొచ్చేసరికి బండి ఆయాసపడుతూ ఆగిపోయింది. ఊళ్ళో కూరగాయలకి తిరిగినంతకాలం బుద్ధిగానే ఉంటుంది. ట్యాంకు నిండా పోయించి ప్రయాణం కట్టారా, ఇంతే. తాళం తిప్పితే స్టార్టరు గిర్రున తిరుగుతుంది తప్ప ఇంజను అందుకోదు. ఫోను చేస్తే మెకానిక్కు మోపెడ్ మీద వచ్చేవాడు. అతను చెయ్యి వేస్తే చాలు, రెండు నిమిషాల్లో బండి లేచేది.

"హస్తవాసి అంటే అదీ!" అనేవారు అత్తగారు.

మెకానిక్కు కూడా కాదనేవాడు కాదు. "నా చేతికి అలవాటుపడిపోయింది పెద్దమ్మా. దూరం మాత్రం వద్దు, ఇంటికి పోనివ్వండి," అనేవాడు.

మాస్టారికి హస్తవాసి మీద నమ్మకం లేదు. బ్యాటరీ మార్చారు, ప్లగ్గులు మార్చారు, కాయిలు మార్చారు, పోయిన ఆదివారం పెట్రోలు పంపు కూడా కొత్తది వేశారు. "ఇక మార్చకుండా మిగిలింది మీ ముగ్గురూ, నేనూ," అన్నారు ఆ రోజు, మసి చేతులు తుడుచుకుంటూ. మూడోది బండే.

ఇవాళ మూడోసారి. సరిగ్గా కలప డిపో గేటు ముందు బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"వచ్చేశామా?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

"డిపోకి వచ్చాం అత్తయ్యా."

"అయితే ఆ హస్తవాసి అబ్బాయిని పిలవండి."

పిలిచారు. అతను వేరే ఊళ్ళో ఉన్నాడు. "సాయంత్రం దాకా రాలేను మాస్టారూ," అన్నాడు ఫోనులో. "సాయంత్రానికి మా పిన్ని సామాను లారీ కూడా ఎక్కేస్తుంది," అని మాస్టారు ఫోను పెట్టేసి, వెనక మూత ఎత్తి ఇంజను మీదికి వంగారు. ఒక ప్లగ్గు ఊడదీసి ఇంజనుకి ఆనించి, "తిప్పు," అన్నారు. ఆమె తాళం తిప్పింది. నీలంగా నిప్పురవ్వ పడింది.

"కరెంటు బాగానే ఉంది. ప్లగ్గు మాత్రం ఎండిపోయి ఉంది చూడు. తడి లేదు." పెట్రోలు గొట్టం మధ్యలో ఉన్న గాజు ఫిల్టరు తట్టి చూశారు. ఖాళీ. "పెట్రోలు రావట్లేదు. నిన్న నేనే ట్యాంకు నిండా పోయించాను. పంపు కొత్తది. ఇంకేం చెయ్యమంటావు దీన్ని?"

"నన్నడిగితే? మీరే కదా దీని డాక్టరు."

"డాక్టరు చేతులెత్తేశాడు. బంధువులకి చెప్పుకోమన్నాడు."

ఆమెకి నవ్వొచ్చింది గానీ, లోపల అత్తగారు ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న తీరు చూసి నవ్వలేకపోయింది. సంచిలో చెల్లెలి కోసం అల్లిన ఊదారంగు శాలువా ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చిన శాలువా.

"దాహంగా ఉందమ్మాయ్," అన్నారు అత్తగారు.

ఆమె గ్లాసు పట్టి క్యాను కుళాయి తిప్పింది. సగం గ్లాసు వచ్చాక ధార సన్నబడి ఆగిపోయింది. ఎప్పుడూ అంతే. క్యాను మూత గట్టిగా బిగించి ఉంటే లోపలికి గాలి వెళ్ళక నీళ్ళు దిగవు. అలవాటుగా రెండో చేత్తో మూత కొంచెం వదులు చేసింది. నీళ్ళు గలగలా దిగాయి.

గ్లాసు నిండి పొర్లి చీర మీద పడుతున్నా ఆమె కుళాయి కట్టెయ్యలేదు.

"ఏమండీ, ఆ మెకానిక్కు రాగానే ముందు ఏం చేస్తాడు?"

"ఏముంది, మీటరు పనిచెయ్యదు కదా. ట్యాంకు మూత తీసి, పెట్రోలు ఎంతుందో పుల్ల పెట్టి చూస్తాడు. ఆ తర్వాతే ఇంజను జోలికి..." మాస్టారు మధ్యలో ఆగారు.

ఆమె అప్పటికే బండి దిగి మూత తిప్పుతోంది. అది మామూలుగా కంటే బిర్రుగా ఉంది. ఊడిరాగానే ట్యాంకు హుస్సుమని లోపలికి ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు తిప్పండి."

స్టార్టరు కాసేపు తిరిగింది. తర్వాత ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

లోపల్నుంచి అత్తగారు చప్పట్లు కొట్టారు. మాస్టారు గబగబా వచ్చి ఆమె చేతిలో మూత చూశారు. మూత లోపలి వైపు సైకిలు ట్యూబు ముక్క ఒకటి గుండ్రంగా, వెంట్రుకవాసి కూడా సందు లేకుండా అతుక్కుని ఉంది. మూత మధ్యలో గాలి కోసం పెట్టిన సన్నటి బెజ్జం దాని వెనక పడి ఉంది.

చటుక్కున పీకి గుప్పిట్లో దాచెయ్యొచ్చు. పంపుల మీద, ప్లగ్గుల మీద నడిచిన నెల రోజుల కథలో తన పేరు రాకుండా పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి చెవులు వేడెక్కాయి.

"నేనే అతికించాను," అంది. "వాసన ఆ బెజ్జంలోంచే వస్తోందని. అత్తయ్యకి వికారమని. అది గాలి పీల్చేదని నాకేం తెలుసు! మిమ్మల్ని మాత్రం నోరారా దెప్పాను."

మాస్టారు ఆ రబ్బరు ముక్కని నెమ్మదిగా ఊడదీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"కంపాసు పెట్టి గీశావా?"

"లేదు. చట్నీ గిన్నె బోర్లించి గీశాను."

"ఎనిమిదో తరగతిలో ఒక్కడూ ఇంత గుండ్రంగా గియ్యడు," అన్నారాయన. దాన్ని పారెయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. "వేరే ఎవరు చేసినా ఎక్కడో చిన్న సందు మిగిలేది. బండి నడిచేది."

"వికారమన్నది నేనేరా," అని కిటికీలోంచి తల బయటపెట్టారు అత్తగారు. "దాన్నేమైనా అన్నావంటే ఊరుకోను. ఎక్కండి, ఎక్కండి. ఆ అబ్బాయికి మాత్రం ఇది చెప్పొద్దు. పాపం, హస్తవాసి మీద బతుకుతున్నాడు."

డిపో గేటు వెనకబడింది. ఆ తర్వాత రోడ్డు ఈ బండిలో ముగ్గురికీ కొత్త. లోపల పెట్రోలు వాసన గుప్పుమంటోంది. కోడలు కిటికీలన్నీ తెరిచి, మాటిమాటికీ వెనక్కి తిరిగి, "బాగానే ఉందా అత్తయ్యా?" అని అడుగుతోంది. ఆవిడ ముక్కుకి పైటచెంగు అడ్డం పెట్టుకునే తలూపుతున్నారు.

చెల్లెలు గేటు దగ్గరే నించుని ఉంది. ఇల్లంతా అట్టపెట్టెలు. వ్యాను తలుపు తీయగానే అక్కని వాటేసుకుని, వెంటనే మొహం వెనక్కి లాక్కుంది.

"ఏమిటే అక్కా, పెట్రోలు బంకులో పడుకుని వచ్చావా?"

"నోరు మూసుకుని చెయ్యి పట్టుకో," అన్నారు అత్తగారు, వంగని కాలు ముందు చాపి దిగుతూ. "ఆ వాసన లేకపోబట్టే రెండుసార్లు రాలేకపోయాను."