ఎనెయిదా పెంచిన కుందేళ్ళు

ఎనెయిదా చెడ్డ మనిషేం కాదు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కుందేళ్ళ పెంపకంలోకి దిగాక కూడా ఆ గుణం మారలేదు. అదే కొంప ముంచింది.

తొంభై మూడులో కమగ్వే పట్టణమంతా అర్ధాకలితో ఉండేది. రేషన్ కార్డు మీద నెలకని ఇచ్చే బియ్యం పదిహేను రోజులకే అయిపోయేవి. ఎనెయిదా భర్త ఓస్వాల్దోకి చూపు మసకబారింది. తిండి చాలక నరాలు దెబ్బతిన్నాయి, మాంసం పెట్టమన్నాడు డాక్టరు. పెట్టమనడానికి ఆయనకేం, చెప్పేశాడు. ఎనెయిదా తన పెళ్ళినాటి గొలుసు ఇచ్చి కడుపుతో ఉన్న కుందేలును తెచ్చుకుంది. పాత మంచం తీగలు విప్పి పెరట్లో గూడు కట్టింది.

"ఏమే, దానికి మేపే చిలగడదుంప తీగలేవో నాకే వండిపెట్టొచ్చుగా" అనేవాడు ఓస్వాల్దో.

"నోరు మూసుకుని కూర్చో. మూడు నెలలాగితే వారానికొకటి కోసి పెడతాను."

ఆమెకు ఆ విద్య నేర్పినవాళ్ళు లేరు. కుందేలు నీళ్ళు తాగదనీ, ఆకుల్లో తడే దానికి చాలనీ వీధిలో అందరూ అనేవాళ్ళు. కుళాయి మూడు రోజులకోసారి వచ్చే ఊళ్ళో ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో వేరే చెప్పాలా? గూట్లో నీళ్ళగిన్నె పెట్టనే లేదు.

పక్కింటి ఫిలిబెర్తోకి డెబ్బై ఏళ్ళు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, నా అన్నవాళ్ళు లేరు. రోజూ పట్టాల వెంట గడ్డి కోసుకొచ్చి, మధ్యలో కూలిన గోడ మీదుగా ఎనెయిదాకి అందించేవాడు. ఆయన వెనకే కనేలో అని ఎర్రటి కుక్క ఒకటి తిరిగేది.

కుందేలు ఎనిమిది పిల్లల్ని ఈనింది. మర్నాడు పొద్దున్న చూస్తే గూట్లో నెత్తురు, సగం తిన్న పిల్లలు రెండు, మిగతావి లేనే లేవు. గూటి కింద నేల నాకుతూ కనేలో.

ఎనెయిదా చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. "పెద్దాయనా, నీ కుక్క నా మొగుడి కళ్ళు తినేసింది" అంది, అందరూ వినేలా.

"రాత్రంతా వాడు నా మంచం కిందే పడుకున్నాడమ్మాయ్. ఇప్పుడే గోడ దూకాడు."

"నీ కుక్కని నువ్వు కాక ఇంకెవరు వెనకేసుకొస్తారు?"

"వాడు కాదమ్మాయ్" అన్నాడు మళ్ళీ.

"ఈ గోడ పక్కన అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఆలోచించుకో."

మూడోనాడు ఫిలిబెర్తో కుక్క మెడకి తాడు కట్టి, నుయేవితాస్ వెళ్ళే లారీ డ్రైవరు చేతికిచ్చాడు. లారీ కదిలాక లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మర్నాడు మాత్రం గడ్డి తెచ్చాడు. ఎనెయిదా అందుకుంది. న్యాయం జరిగిందనే అనుకుంది మహాతల్లి.

కుందేలును మళ్ళీ మగదాని దగ్గరికి తీసుకెళ్ళి కట్టించింది. ఈసారి ఏడు పిల్లలు. తెల్లారి ఆకులు పట్టుకెళ్ళేసరికి తల్లి ఏదో నములుతోంది. దాని మూతి నిండా నెత్తురు. కుక్క లేదు, పిల్లి లేదు, గూటి గడియ వేసింది వేసినట్టే ఉంది. ఎనెయిదాకి పోయిన పిల్లలు కాదు, తాడు కట్టిన కుక్క గుర్తొచ్చింది.

చెప్పులైనా లేకుండా గోడ దాటి వెళ్ళింది.

"పెద్దాయనా, తల్లే తింటోంది. మొదటిసారీ అదే తినుంటుంది."

ఫిలిబెర్తో కాఫీ కప్పు కింద పెట్టాడు. "మా కనేలో కాదని నాకు తెలుసమ్మాయ్, ఎవరు తిన్నారన్నదే తెలీదు."

"మరి గట్టిగా చెప్పవేం?"

"రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబితే నాతో మాట్లాడటం మానేస్తావనిపించింది. ఈ వయసులో నాకు పలకరించే మనిషి కావాలి."

ఆ మాటకి ఎనెయిదా సిగ్గుతో చచ్చిపోయింది. "ఇవాళే వెళ్ళి తెచ్చేస్తాను" అంది.

"ఎక్కడి నుంచి? దారిలో మీనాస్ దగ్గర లారీ ఆగినప్పుడు దూకేశాడట. ఇంటిదారి వెతుక్కుంటూ పోయుంటాడు. రెండు నెలలైంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఆమె ఆ మధ్యాహ్నమే మీనాస్ వెళ్ళి, దారిపొడుగునా ఎర్రకుక్కని అడుగుతూ నడిచింది. ఎవరూ చూడలేదన్నారు.

మర్నాడు ఫిలిబెర్తోయే గోడ దగ్గరికొచ్చాడు. పట్టాల అవతలి రైతును అడిగొచ్చాడట. "ఈనిన తల్లికి దాహమేస్తే పిల్లల్ని తింటుందట అమ్మాయ్. నీళ్ళు పెట్టు, గిన్నె ఖాళీ కానివ్వకు."

మూడో ఈతలో పుట్టిన ఆరు పిల్లలూ బతికాయి. మూడు నెలలకి వారానికొకటి చొప్పున కోయడం మొదలెట్టింది. నెల తిరిగేసరికి ఓస్వాల్దోకి గడియారం ముళ్ళు కనబడసాగాయి. అందరికన్నా ముందు, మొదటి కుందేలు కూరకే ఫిలిబెర్తోని భోజనానికి పిలిచింది. మంచి తొడముక్క ఆయన పళ్ళెంలోనే వేసింది.

"బాగా వండావమ్మాయ్" అన్నాడు. మెల్లగా, అంతా తిన్నాడు. తిన్నాక ఎముకలు ఏరి గుప్పిట్లో పట్టుకుని, అలవాటు కొద్దీ చెయ్యి కుర్చీ కిందికి చాపాడు. కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత ఎముకలు తిరిగి పళ్ళెంలో పెట్టాడు.

ఎనెయిదా గరిటె అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.