ఒకే లారీ ఎక్కినవాళ్ళు

తగువు తీర్చమని ఎవరొచ్చినా సరే, జానీబీ ముందు వాళ్ళని మిరపకాయల కుప్పకి అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టేది. చెరో బుట్ట ఇచ్చి తొడిమలు తియ్యమనేది. బుట్ట నిండేదాకా ఎవరూ నోరెత్తకూడదు. గుంటూరు శివార్లలో ఆ కల్లానికి ఆవిడే మేస్త్రీ, కాబట్టి కాదనేవాళ్ళు లేరు. ఆ ఘాటుకి అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి గనక, ఏడ్చినా ఎవరికీ నామోషీ లేదు. మిరప చేత్తో కళ్ళు తుడుచుకుంటే చచ్చేంత మంట గనక, మొహం దాచుకునే వీలూ లేదు. ఇంతకంటే మంచి కోర్టు ఎక్కడుంటుంది చెప్పండి!

కువైట్ మీద ఇరాక్ వచ్చి పడ్డ ఏడాది అక్కడ చిక్కుకున్న మనవాళ్ళు చాలామంది. తిరిగొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఒక రకం తగువులు, రానివాళ్ళ ఇళ్ళల్లో ఇంకో రకం తగువులు. అన్నీ జానీబీ తీర్చింది. ఆవిడ మొగుడు ఆదాం కూడా రానివాళ్ళలోనే ఉన్నాడు. ఆ తగువు మాత్రం ఆవిడ ఏ కుప్ప ముందూ పెట్టలేదు. రోజూ పొద్దున్నే మెడలో నల్లపూసలు సర్దుకుని పనికొచ్చేది. ఆయన ఏ సందులోనుంచైనా నడిచొస్తాడని ఆవిడకి ఇంకా అనిపించేది.

తొంభై తొమ్మిది మార్చిలో ఒక రోజు, కాయ బాగా ఎండిన వేళ, మాబూబీ తన కోడలు ముబీన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ముబీన్ మొగుడు జాన్ బాషా కువైట్‌లో డ్రైవరు. పెళ్ళైన ఆరు నెలలకే వెళ్ళాడు. తొమ్మిదేళ్ళుగా కబురు లేదు. మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే ఒకతను, పెళ్ళాం చనిపోయినవాడు, ముబీన్‌ని నిఖా చేసుకుంటానని అడిగించాడు. పుట్టింటివాళ్ళు సరేనన్నారు. ముబీన్ మాత్రం అత్త ఊ అంటేనే అంది. అత్తేమో ఊ అనదు.

బుట్టలు నిండాయి.

"చెప్పమ్మా ముబీన్," అంది జానీబీ.

"నాకిరవై ఎనిమిదొచ్చాయక్కా. నాకూ పిల్లలు కావాలనుంది. అత్తమ్మని ఏడిపించి పోలేను. పోకుండానూ ఉండలేను."

జానీబీ మాబూబీ వైపు తిరిగింది. ముసలావిడ వేళ్ళు ఇంకా తొడిమ కోసం వెతుకుతున్నాయి.

"పిల్ల బంగారం. నేను కాదన్లా," అంది మాబూబీ. "రేపు వాడొచ్చి, అమ్మా నా పెళ్ళామేదే అంటే నేనేం చెప్పను?"

"నా దగ్గరికి పంపు పిన్నీ. నేనే పంపించేశానని చెప్తాను. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటాడు."

"అట్టా తేలిగ్గా అనబాక." మాబూబీ గొంతు లేచింది. "మనూరి బాజీ విమానమెక్కి ఇంటికొచ్చి ఏం చెప్పాడు? ఇద్దరూ ఒకే లారీ ఎక్కి బస్రా వైపు పోవడం చూశానన్నాడు గదా! మావాడూ, నీ ఆదామూ. మావాడు పోయినట్టైతే నీ ఆయన కూడా పోయినట్టే. ఆ మాట నీ నోటితో అను. నేను ఊ అంటాను."

చుట్టూ తొడిమలు తీసే ఆడాళ్ళ చేతులు ఆగాయి. తన దాకా వస్తేగాని తెలియదంటారు. ఇందరి తగువులు తీర్చిన జానీబీ సొంత తగువు ఆ పూట కుప్ప ముందుకొచ్చింది. మాట అననంటే ఈ పిల్ల ఇంకో తొమ్మిదేళ్ళు ఆ గడప దగ్గరే కూర్చుంటుంది. అంటే? ఆదాం నవ్వు, ముక్కు మీద మచ్చ, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే ఆ చప్పుడు, అన్నీ తన చేత్తోనే పూడ్చిపెట్టినట్టు. ఆవిడకి భయం వేసింది. ముబీన్ తల వంచుకునే ఉంది. ఆ పిల్ల పాపిట్లో అప్పుడే రెండు తెల్లవెంట్రుకలు కనిపించాయి.

"పోయినట్టే పిన్నీ," అంది జానీబీ. "ఆదాం పోయినట్టే. ఇద్దరూ పోయారు."

తొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.

మాబూబీ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. మిరప చెయ్యి కోడలి మెడకి తగిలితే మండుతుందని మజ్జిగ పోసి రుద్ది, మళ్ళీ కడుక్కుంది. వచ్చి ముబీన్ మెడలోని నల్లపూసలు మెల్లగా తీసి తన కొంగున ముడేసుకుంది. "మార్టూరు కబురు పంపు," అంది. ముబీన్ అత్త నడుము పట్టుకుని బావురుమంది.

అదే శుభ్రమైన చేతులతో మాబూబీ జానీబీ దగ్గరికి వచ్చింది. మెడ మీదికి చెయ్యి చాచింది. జానీబీ చటుక్కున వెనక్కి జరిగింది. మిరప చేతులు కదా, అడ్డం పెట్టలేక రెండూ గాల్లో పట్టుకుంది.

"నావొద్దు పిన్నీ."

"ఇప్పుడేగా పోయాడన్నావు?"

"ఆ పిల్ల కోసం అన్నాను." జానీబీ కళ్ళు కారుతూనే ఉన్నాయి. "నువ్వు ఇంటికి పోయి నిమ్మళంగా పడుకో. నీ కొడుక్కోసం కూడా నేనే ఎదురుచూస్తాలే. వచ్చేదీ ఒకే లారీలో గదా."