బెల్టుకు నూనె

నేను ఒక ఎర్గోమీటర్‌ను. చూసినవాళ్లు సైకిల్ అనుకుంటారు. సీటుంది, పెడళ్లున్నాయి, హ్యాండిల్ ఉంది. చక్రం మాత్రం నేలకు తగలదు. దాని చుట్టూ ఒక పట్టీ బెల్టు బిగించి ఉంటుంది. తొక్కే వేగాన్ని బట్టి లేచే ముల్లు ఒకటి హ్యాండిల్ దగ్గర ఉంటుంది. ఎంత తొక్కినా అంగుళం కదలను. ఇన్నేళ్లుగా మనుషులు నా మీద అలిసిపోతుంటే చూస్తూ వచ్చాను. ఇప్పుడు నాకే అలసటగా ఉంది.

ఫ్యాక్టరీలో రంగు ఆరకముందే నన్ను ఒక వైద్య కళాశాలకు పంపారు. అక్కడి విద్యార్థులు నన్ను తొక్కి, తమ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో రాసుకుని, మర్నాటికి మరిచిపోయేవారు. కొత్త యంత్రం రాగానే నన్ను లారీ ఎక్కించారు. అలా గోదావరి ఒడ్డున బొగ్గుగనుల ఊళ్లో, రెస్క్యూ స్టేషన్‌లో దిగాను. గనిలో పొగ కమ్మినా, విషవాయువు పుట్టినా, వీపున ఊపిరి యంత్రం కట్టుకుని లోపలికి దూరేవాళ్లు ఉండే చోటు అది.

మొదటి రోజే మొండయ్య నా సీటు మీద చరిచాడు. జట్టులో అందరికన్నా పాతవాడు.

"గిదేం సైకిల్ సార్? మంచిర్యాల దాకన్న పోతదా?"

శిక్షణ ఇచ్చే పాపారావు సార్ కాకినాడ వైపు మనిషి. బోర్డు మీద సుద్దముక్కతో నా పేరు రాశారు. "ఎర్గోమీటర్. గ్రీకులో ఎర్గాన్ అంటే పని. జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టే, ఒంటితో చేసే పనికి ఇది. కాళ్లతో తొక్కేదైనా, చేతుల్తో తిప్పేదైనా, తెడ్డులా లాగేదైనా, పనిని కొలిస్తే దాని పేరు ఎర్గోమీటరేనయ్యా."

"పని కొలుస్తదా? అయితే మాతోని పని చేపిచ్చే ఓవర్‌మన్‌ను ఎక్కియ్యున్రి సార్. ముల్లు లేస్తదో లేదో సూద్దాం!"

అందరూ నవ్వారు. ఆ తర్వాత నన్ను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఉత్తుత్తి సైకిల్ అన్నారు.

బెల్టు బిగించే మరకు ఒక గీత ఉండేది. సార్ గీత దాకా బిగించి తొక్కమనేవారు. బెల్టు చక్రాన్ని పట్టి ఆపుతుంటే, దానికి ఎదురు తొక్కాలి. ఎవరైనా పరీక్ష తప్పితే జట్టులోంచి దిగిపోవాలి. ఎందుకంటే లోపలికి వెళ్లేది అయిదుగురు. వాళ్లలో ఒక్కడు కూలినా అయిదుగురూ వెనక్కి రావాలి. లోపల చిక్కుకున్నవాడు అక్కడే ఉండిపోతాడు.

మొండయ్య వస్తున్నాడంటే చిక్కుకున్నవాడు బతికినట్టే అని ఊళ్లో అనేవారు. ఆ మాట మీదే ఆయన బతుకు నడిచింది. కానీ ఆయన ఛాతీలో చేరిన పిల్లికూత నాకు తెలుసు. నా మీద వంగినప్పుడల్లా వినేదాన్ని. ఆ ఏడాది అందరి పరీక్షలూ అయ్యాయి. అప్పుడే చేరిన ఓదెలు కూడా సులువుగా నెగ్గాడు, కాని జట్టులో ఖాళీ లేదు. మొండయ్య ఒక్కడే దగ్గనీ, జ్వరమనీ పరీక్షను దసరా దాటించాడు.

దసరాకు స్టేషన్‌లో ఉన్న ప్రతి ఇనుప ముక్కకూ పూజ చేస్తారు. ఓదెలు భక్తిగా నన్ను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాడు. అంతటితో ఆగితే బాగుండేది. గొలుసుకు పోసిన చేత్తోనే బెల్టుకూ నూనె పట్టించాడు. యంత్రమన్నాక నూనె పెట్టాలి కదా అనుకున్నాడు పిచ్చివాడు. పొడిగా ఉండాల్సిన ఒకే ఒక్క చోటు అది.

పండుగ మర్నాడు మొండయ్య నన్ను ఎక్కాడు. సార్ మరను గీత దాకా బిగించారు. నూనెకు బెల్టు జారింది. చక్రం గాలిలో తిరిగినట్టు తిరిగి, ముల్లు పైకి లేచింది. అరవాలనిపించింది. నాకు నోరెక్కడిది?

"శభాష్ మొండయ్యా!" అంటూ సార్ భుజం తట్టి వెళ్లిపోయారు.

"కాకా, నీ కాళ్లల్ల ఇంకా ఇంజన్ ఉన్నది!" ఓదెలు పొంగిపోయాడు.

మొండయ్య నవ్వలేదు. బెల్టును వేలితో తాకి, వాసన చూసి, పిడికిలి మూశాడు. చాయ్ తాగడానికి వెళ్లాడు.

గ్లాసు ఖాళీ కాకముందే సైరన్ మోగింది. గనిలో పొగ. ఒక కార్మికుడు బయటికి రాలేదు.

అందరూ వ్యాను వైపు పరుగెత్తారు. మొండయ్య కూడా ఊపిరి యంత్రం తగిలించుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగాడు. భుజం మీది తువ్వాలుతో నా బెల్టును గట్టిగా తుడిచాడు. బోర్డు దగ్గరి సుద్దముక్కను నలిపి పొడి అద్దాడు. మరను గీత దాకా తిప్పి ఎక్కాడు.

ఈసారి బెల్టు పట్టింది. ఆయన పళ్లు బిగించాడు. పిల్లికూత మొదలైంది. కాసేపటికే కాళ్లు ఆగిపోయాయి, ముల్లు పడిపోయింది.

ఓదెలు ఉరుక్కుంటూ వచ్చాడు. "కాకా! బండి స్టార్టైంది. గిప్పుడు సైకిల్ తొక్కుడేంది?"

"నువ్వు ఎక్కు బండి." మొండయ్య ఊపిరి యంత్రం విప్పి వాడి చేతుల్లో పెట్టాడు.

"నువ్వు పాసైనవ్ గదా!"

"పాసైంది నేను కాదురా. నీ నూనె."

ఓదెలు బెల్టు వైపు చూశాడు. "పండుగని పెట్టిన కాకా..."

"ఎరుకే. నడు. లోపల నేను కూలితె అందరు ఎనక్కి రావాలె. గాడు ఆడ్నే ఉంటడు. ఉరుకు!"

ఓదెలు ఉరికాడు. మొండయ్య నా మీదే కూర్చున్నాడు. ఎంతమందినో మోశాను కానీ, ఆ మధ్యాహ్నం ఆయన ఉన్నంత బరువుగా ఎవరూ లేరు.

పొద్దు వాలుతుండగా వ్యాను హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కార్మికుడు బతికాడు. బయట జనం ఓదెలును భుజాల మీదికి ఎత్తుకున్నారు. దింపగానే వాడు లోపలికి వచ్చి, మసి ముఖంతో మొండయ్య ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"ఎట్లున్నది లోపల?"

"రెండో మలుపు కాడ ఎగబోత కాకా, ఊపిరి అందలె. కాళ్లు గుంజినయ్. నువ్వైతె..." అని ఆగిపోయాడు.

"నేనైతె ఆడ్నుంచే ఎనక్కి," అన్నాడు మొండయ్య. సీటు దిగబోతే కాళ్లు తిమ్మిరెక్కి తూలాడు. ఓదెలు పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఊపిరి యంత్రాలు శుభ్రం చేసే పనిలో మిగిలాడు. ఊళ్లో ఓదెలు పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఏటా దసరాకు పూజ మొదలవకముందే మొండయ్య వచ్చి, నా బెల్టు చుట్టూ తన తువ్వాలు కట్టేవాడు. "బొట్టు ఎన్నన్న పెట్టున్రి, గీడ మాత్రం చెయ్యి పెట్టకున్రి," అని కసిరేవాడు.

ఇప్పుడు అద్దం మీద అంకెలు వెలిగే కొత్త యంత్రం వచ్చింది. నన్ను స్టోర్ గదిలో పడేసి, పాత సైకిల్ అని చీటీ అంటించారు. మొండయ్య రిటైరై వెళ్తూ కట్టిన తువ్వాలును ఎవరూ విప్పలేదు. పని కొలవడానికి పుట్టినదాన్ని. ఆ రోజు ఆయన చేసిన పనికి నా ముల్లు కాస్త లేచి పడిపోయింది, అంతే. తువ్వాలు కింద బెల్టు మాత్రం ఇంకా పొడిగానే ఉంది.